సత్తు గిన్నె వెనుక నల్లదిమ్మ కథ
బొగ్గు కాలే తీరును తేల్చడానికి ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి పరిశీలన

సంతలో సత్తు గిన్నెల దుకాణం ముందు నిలబడిన ఇల్లాలు ముందుగా చూసేది గిన్నె బరువు. వేలితో ఒకసారి మోగించి, అడుగు మందం తడిమి చూసి, ఆ తరువాతే ధర అడుగుతుంది. ఆ గిన్నెలోని లోహం ఎలా పుట్టిందో, దాన్ని పుట్టించడానికి ఎంత కరెంటు ఖర్చయిందో, ఎంత బొగ్గు కాలిపోయిందో ఆమెకు ఎవరూ చెప్పరు. అమ్మేవాడికీ తెలియదు.

కిలో సత్తు తయారు కావాలంటే సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. నెలకు వంద యూనిట్లు వాడుకునే ఇంటికి అది నాలుగు రోజులు సరిపోతుంది. కరెంటు ఒక్కటే చాలదు. కిలో లోహానికి 400 గ్రాములకు పైగా బొగ్గు కూడా కాలిపోవాలి. ఈ బొగ్గు వంటచెరకులాగ కింద మండేది కాదు. కరెంటును లోపలికి మోసుకువెళుతూ, ఆ పనిలో తానే కరిగిపోయే నల్లటి దిమ్మ అది. ఈ దిమ్మ ఎంత నిదానంగా, ఎంత సమంగా కాలితే లోహం అంత చౌకగా వస్తుంది. అడ్డదిడ్డంగా కాలితే కరెంటు దండగ, బొగ్గు దండగ, గాలి కూడా పాడవుతుంది. అందుకే ప్రపంచంలో అనేక ప్రయోగశాలలు ఈ దిమ్మ కాలే తీరును గమనించడమే పనిగా పెట్టుకున్నాయి.

కుండలో వండే లోహం

సత్తు అని, సిల్వరు అని మనం పిలుచుకునే లోహమే అల్యూమినియం. వెండితో దీనికి ఏ చుట్టరికమూ లేదు. బాక్సైటు అనే ఎర్రటి రాతిమట్టి నుంచి ముందుగా అల్యూమినా అనే తెల్లటి పొడిని తీస్తారు. నాలుగు టన్నుల బాక్సైటు నుంచి రెండు టన్నుల అల్యూమినా, దాని నుంచి ఒక టన్ను అల్యూమినియం వస్తాయని ఒక మోటు లెక్క.

ఈ పొడి మన జిల్లాకు కొత్తది కాదు. పొరుగున ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో సంస్థ దీన్ని తయారు చేస్తోంది. అందులో కొంత అదే రాష్ట్రంలోని అంగుల్‌లో ఉన్న ఆ సంస్థ కర్మాగారానికి పోయి లోహంగా మారుతుంది. కొంత విశాఖపట్నం రేవుకు వచ్చి ఓడలెక్కి విదేశాలకు పోతుంది.

అల్యూమినాలో లోహమూ ప్రాణవాయువూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఇనుప రాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో కరిగించినట్టు దీన్ని కరిగించి లోహం తీయడం కుదరదు. కరెంటు పంపితేనే ఆ పట్టు విడుతుంది. కరెంటు పారాలంటే పొడి ద్రవం కావాలి. కాని అల్యూమినా కరగాలంటే 2 వేల డిగ్రీలు దాటిన వేడి కావాలి. అంత వేడిని తట్టుకునే పాత్ర ఎక్కడ దొరుకుతుంది? దానికి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, క్రయొలైట్ అనే లవణాన్ని ముందుగా కరిగించడం. సుమారు 960 డిగ్రీల వేడిలో నీళ్లలా ఉండే ఆ ద్రవంలో అల్యూమినా, టీలో పంచదార కరిగినట్టు కరిగిపోతుంది.

ఈ వంట జరిగే తొట్టెను కార్మికులు ‘పాట్’ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు కుండ అనే అర్థం. పెద్ద ఇనుప తొట్టెకు లోపల బొగ్గు పలకలు పరిచి ఉంటాయి. పైనుంచి నల్లటి దిమ్మలు వరుసగా వేలాడుతూ, ద్రవంలో మునిగి ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు టన్ను బరువు. వీటికే ఆనోడ్లు అని పేరు. కరెంటు వీటిగుండా దిగి, ద్రవాన్ని దాటి, అడుగున ఉన్న బొగ్గు పలకల్లోకి పోతుంది. కరిగిన అల్యూమినియం అడుగున చేరుతుంది. విడిపోయిన ప్రాణవాయువు ఆనోడు దగ్గరకు వచ్చి బొగ్గుతో కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారి పైకి పోతుంది.

అంటే లోహం ఎంత తయారవుతుంటే దిమ్మ అంత తరిగిపోతుంటుందన్నమాట. రోజుకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు అరుగుతుంది. నాలుగు వారాలు తిరిగేసరికి మోడు మాత్రమే మిగులుతుంది. దాన్ని తీసి కొత్త దిమ్మ దించాలి. పండగైనా, వానైనా ఈ పని ఆగడానికి వీల్లేదు. పాట్ ఆరిపోతే లోపలి ద్రవం రాయిలాగ గడ్డకట్టి, మళ్లీ వెలిగించడం పెద్ద యాతన అవుతుంది.

కొట్టంలో మొదలైన ప్రయోగం

ఈ పద్ధతి పుట్టిందే ఒక చిన్న ప్రయోగంలో. అమెరికాలో ఓహయో రాష్ట్రంలోని ఓబర్లిన్ అనే ఊళ్లో చార్లెస్ మార్టిన్ హాల్ అనే 22 ఏళ్ల యువకుడు ఇంటి వెనుక కట్టెల కొట్టంలో ప్రయోగాలు చేసేవాడు. రసాయన శాస్త్రం చదివిన అతని అక్క జూలియా అతనికి తోడుగా ఉండేది. అతను క్రయొలైట్‌లో అల్యూమినాను కరిగించి కరెంటు పంపితే మొదట లోహం రాలేదు. బూడిద రంగు పెచ్చు కట్టింది.

తప్పు ఎక్కడుందో అతను ఆలోచించాడు. ద్రవాన్ని కాచిన మట్టిమూసే కరిగి అందులోని ఇసుక పదార్థం ద్రవంలో కలుస్తోందని గ్రహించాడు. మూస లోపల బొగ్గు పూత వేశాడు. 1886 ఫిబ్రవరి 23న తెల్లగా మెరిసే చిన్న లోహపు గుళికలు చేతికి వచ్చాయి. అదే సంవత్సరం ఫ్రాన్సులో పాల్ ఎరూ అనే మరో యువకుడు, హాల్ సంగతి తెలియకుండానే, అదే పద్ధతిని కనిపెట్టాడు. ఇద్దరూ 1863లో పుట్టినవారే, ఇద్దరూ 1914లోనే మరణించడం మరో విశేషం.

అప్పటివరకూ అల్యూమినియం రాజుల ఇళ్లలో మాత్రమే కనిపించే ఖరీదైన లోహం. తరువాత కొన్ని దశాబ్దాలకే అది మన అటకల మీదికి ఎక్కింది. మన దేశంలో మొదటిసారి ఈ లోహాన్ని తీసింది కేరళలోని అలుపురంలో, 1943లో. ఇన్నేళ్లు గడిచినా మూల సూత్రం మారలేదు. ద్రవంతో తగిలే పదార్థం ఎలా ప్రవర్తిస్తుందనే దాని మీదనే అంతా ఆధారపడి ఉంది. ఆనాడు హాల్‌కు మూస పెట్టిన పరీక్షనే ఈనాడు శాస్త్రజ్ఞులకు ఆనోడు పెడుతోంది.

ఇటుక బట్టీని పోలిన పని

ఆనోడును గనిలో తవ్విన బొగ్గుతో చేయరు. గనిబొగ్గులో బూడిద ఎక్కువ. ఆ బూడిద లోహంలో కలిస్తే సత్తు చెడిపోతుంది. ముడిచమురును శుద్ధి చేసినప్పుడు చివరకు మిగిలే పెట్రోలియం కోకును వాడతారు. దాన్ని 1,200 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి, దంచి, పెద్ద పలుకులు, చిన్న పలుకులు, పొడి వేరుచేసి తగిన పాళ్లలో కలుపుతారు. ఉక్కు కర్మాగారాల కోకు బట్టీల్లో వచ్చే తారు నుంచి తీసిన తారుబంకతో ఆ పలుకుల్ని అతికిస్తారు. పాత దిమ్మల మోళ్లను కూడా నలగ్గొట్టి ఇందులోనే కలుపుతారు. పెట్రోలియం కోకును ఇలా కాల్చి ఆనోడ్లకు సిద్ధం చేసే కర్మాగారం ఒకటి విశాఖపట్నంలో కూడా ఉంది.

ఈ మిశ్రమాన్ని అచ్చులో పోసి కుదించి, ఆ పచ్చి దిమ్మను గోతి బట్టీలో పేర్చి, రెండు మూడు వారాలపాటు 1,100 డిగ్రీల వరకూ కాలుస్తారు. కుమ్మరి ఆము సంగతి తెలిసినవారికి ఇందులోని మర్మం వేరే చెప్పనక్కరలేదు. సెగ ఒక్కసారి ఎక్కితే కుండ పగులుతుంది. సెగ చాలకపోతే పచ్చిగా ఉండిపోతుంది. ఆనోడుదీ అదే తంతు. త్వరపడి కాలిస్తే తారులోని ఆవిరి తోసుకువచ్చి పగుళ్లు పడతాయి. తక్కువ కాలితే అతికించిన బంక గట్టిపడదు.

ఇల్లాలు గిన్నెను మోగించి చూసినట్టే ప్రయోగశాలలో దిమ్మను అనేక విధాల పరీక్షిస్తారు. దిమ్మ నుంచి గుండ్రటి కడ్డీలాంటి ముక్కను తొలిచి తీస్తారు. దానిగుండా కరెంటు పంపి ఎంత అడ్డు తగులుతోందో కొలుస్తారు. గాలిని తోసి ఎంత చొరబడుతోందో చూస్తారు. నొక్కి, వంచి బలం చూస్తారు. ఇవన్నీ ఒక ఎత్తు, కాల్చి చూడటం మరొక ఎత్తు.

మిగిలిందెంత, కాలిందెంత, రాలిందెంత?

లెక్క ప్రకారం ఒక టన్ను అల్యూమినియానికి 334 కిలోల బొగ్గు సరిపోవాలి. కాని కర్మాగారాల్లో 400 నుంచి 450 కిలోల వరకూ ఖర్చవుతోంది. మిగతా బొగ్గు ఎటు పోతోంది?

దొంగలు ముగ్గురు అని శాస్త్రజ్ఞులు తేల్చారు. మొదటి దొంగ గాలి. దిమ్మ పైభాగం ద్రవం బయట ఉంటుంది. అది కూడా ఎర్రబడేంత వేడెక్కి, గాలి తగిలితే ఊరికే మండిపోతుంది. రెండవ దొంగ బొగ్గుపులుసు వాయువు. పాట్‌లో పుట్టిన ఆ వాయువే మళ్లీ దిమ్మ రంధ్రాల్లోకి దూరి, మరికొంత బొగ్గును తిని మరో వాయువుగా మారుతుంది. మూడవ దొంగ పొడి. దిమ్మలో కోకు పలుకులు ఒక వేగంతో, వాటిని అతికించిన తారుబంక అంతకంటే ఎక్కువ వేగంతో కాలుతాయి. మట్టిగోడలో అడుసు కరిగిపోతే రాళ్లు వాటంతట అవే రాలినట్టు, బంక కాలిపోతే పలుకులు కాలకుండానే రాలి ద్రవంలో పడతాయి. ఆ నుసి తేలుతూ కరెంటుకు అడ్డం పడుతుంది. పాట్ అనవసరంగా వేడెక్కుతుంది.

ఎవరి వాటా ఎంతో తేల్చడానికి ప్రయోగశాలలో ఒక పరీక్ష ఉంది. సుమారు 5 సెంటీమీటర్ల మందం ఉన్న ఆనోడు ముక్కను కొలిమిలో పెట్టి, 960 డిగ్రీల వేడిలో 7 గంటలసేపు బొగ్గుపులుసు వాయువును దాని మీదుగా పంపుతారు. తరువాత చల్లార్చి, ఉక్కు గుండ్లతో కలిపి ఒక డబ్బాలో దొర్లిస్తారు. వదులైన పలుకులన్నీ అప్పుడు రాలిపోతాయి. చివరకు మూడు లెక్కలు వస్తాయి. గట్టిగా మిగిలింది ఎంత, పొడిగా రాలింది ఎంత, వాయువులో కలిసిపోయింది ఎంత. పంట నూర్చిన తరువాత గింజ ఎంత, తాలు ఎంత, పొట్టు ఎంత అని రైతు చూసుకోవడం లాంటిదే ఇది. గాలితో మండే తీరుకు ఇలాంటిదే మరో పరీక్ష, తక్కువ వేడిలో జరుపుతారు.

ఈ పరీక్షల్లో బయటపడిన సంగతులు వింతగా ఉంటాయి. దిమ్మలో చిటికెడు సోడియం ఎక్కువైతే చాలు, రెండు రకాల దహనమూ పెరుగుతుంది. ఆ సోడియం ఎక్కడినుంచి వస్తుంది? పాత మోళ్లకు అంటుకున్న క్రయొలైట్ పెచ్చుల నుంచే. వాటిని సరిగా గీకి శుభ్రం చేయకుండా కొత్త మిశ్రమంలో కలిపితే, ఆ అశ్రద్ధ కొత్త దిమ్మను లోలోపలే తినేస్తుంది. అందువల్ల మోళ్లను శుభ్రం చేసే కార్మికుడి చీపురు, సుత్తి కూడా కరెంటు బిల్లును నిర్ణయిస్తాయంటే అతిశయోక్తి కాదు.

ముడిచమురులో సహజంగా ఉండే వెనేడియం అనే లోహం కోకులో మిగిలిపోయి, గాలితో మండే గుణాన్ని పెంచుతుంది. గంధకం సంగతి మరీ చిత్రం. అది కొంత ఉంటే బొగ్గుపులుసు వాయువు దాడిని తగ్గిస్తుంది. కాని కాలినప్పుడు ఘాటైన గంధకపు పొగగా మారి చుట్టుపక్కల గాలిని పాడుచేస్తుంది. ఇటీవలి దశాబ్దాల్లో చమురు శుద్ధి కర్మాగారాలు బరువైన ముడిచమురును ఎక్కువగా వాడటం వల్ల కోకులో గంధకం, వెనేడియం పాళ్లు పెరుగుతూ వచ్చాయి. వచ్చిన సరుకును బట్టి ఏ కోకును దేనితో, ఎంత కలపాలో ప్రయోగశాల చెప్పవలసి వస్తోంది.

నివురు కప్పే విద్య

దోషం తెలిశాక మందు కూడా దొరికింది. అది మన ఇళ్లలో పూర్వం నుంచీ తెలిసిన విద్యే. రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పు తెల్లవారేదాకా ఉండాలంటే బూడిద కప్పుతాం. నివురు కప్పితే గాలి తగలదు, నిప్పు ఊరికే కాలిపోదు. పాట్‌లో కూడా అంతే. దిమ్మల పైన అల్యూమినాను, నలగ్గొట్టిన క్రయొలైట్ పెచ్చులను దట్టంగా కప్పితే గాలి చేరదు. ఆ కప్పు ఎంత మందం ఉండాలి, పొడి ఎంత నలగాలి అన్నది కూడా ప్రయోగాలతో తేల్చుకున్నదే. మంచి కప్పు వల్ల మరో లాభం ఉంది. పాట్ నుంచి లేచే ఫ్లోరైడు ఆవిర్లు బయటకు రావడం తగ్గుతుంది. ఫ్లోరైడు మనుషులకు, పశువులకు, పంటలకు ఎంత చేటో నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లవారికి తెలియంది కాదు.

కనిపించని బుడగలను చూడటం

దిమ్మ అడుగున పుట్టే వాయువు బుడగలుగా ఏర్పడుతుంది. దిమ్మ అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి బుడగ తిన్నగా పైకి పోలేదు. అడుగునే పాకుతూ అంచుదాకా వెళ్లి అక్కడినుంచి పైకి లేవాలి. అంతసేపూ అది కరెంటుకు అడ్డమే. దిమ్మకూ అడుగున ఉన్న లోహానికీ మధ్య ఎడం నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే. ఆ ఇరుకులో బుడగలు పొరలాగ కమ్ముకుంటే కరెంటు దారి వెతుక్కుంటూ పోవాలి.

960 డిగ్రీల ద్రవంలో, నల్లటి దిమ్మ కింద ఏం జరుగుతోందో కంటితో చూడటం ఎలా? శాస్త్రజ్ఞులు రెండు దారులు పట్టారు. ఒకటి, గాజులాగ అవతలికి కనిపించే క్వార్ట్జు పాత్రలో చిన్న పాట్ తయారు చేసి, వేలెడంత ఆనోడు దించి, పక్కనుంచి చూడటం. వేడి క్రయొలైట్ ఆ పాత్రను కూడా తినేస్తుంది. అందుకని అది కరిగిపోయేలోగా చూడవలసింది చూసేయాలి. రెండోది మరీ తేలిక. నీళ్ల తొట్టెలో దిమ్మ ఆకారంలో ఒక పలకను ముంచి, దాని అడుగునుంచి గాలి వదిలి బుడగల నడకను గమనించడం. కరిగిన క్రయొలైట్ పారే తీరు ఇంచుమించు నీటి తీరే కాబట్టి ఈ పరీక్ష పనికివచ్చింది.

ఈ పరిశీలనల వల్ల ఒక చిన్న మార్పు అమలులోకి వచ్చింది. దిమ్మ అడుగున పొడవునా గాడులు కోయడం మొదలుపెట్టారు. పొలంలో మురుగు కాలువ తీస్తే నిలవ నీరు జారిపోయినట్టు, ఆ గాడుల వెంట బుడగలు త్వరగా బయటకు పోతాయి. పాట్‌కు పెట్టవలసిన వోల్టేజి కొంత తగ్గుతుంది.

తామరాకు మీద నీటిబొట్టు

ఆనోడు ప్రవర్తనలో అన్నిటికంటే భయపెట్టేది మరొకటి ఉంది. ద్రవంలో అల్యూమినా పాలు నూటికి ఒకటి రెండు వంతులకు తగ్గిపోయినప్పుడు, అంతవరకూ దిమ్మను తడుపుతూ ఉన్న ద్రవం హఠాత్తుగా దానికి దూరంగా జరుగుతుంది. తామరాకు మీద నీటిబొట్టులాగ అంటీ అంటనట్టు ఉంటుంది. బుడగలు కలిసిపోయి దిమ్మ అడుగంతా కమ్ముకుంటాయి. నాలుగు వోల్టుల పై చిల్లర ఉండవలసిన వోల్టేజి ఒక్కసారిగా 20, 30 వోల్టులకు ఎగబాకుతుంది. దీన్నే ఆనోడు ఎఫెక్టు అంటారు.

వెనకటి రోజుల్లో పాట్‌కు ఒక బల్బు తగిలించి ఉంచేవారు. మామూలుగా అది వెలగదు. వోల్టేజి ఎగబాకగానే భగ్గున వెలిగి కార్మికుడిని పిలిచేది. అతను పరుగెత్తుకెళ్లి పైపెచ్చు పగలగొట్టి అల్యూమినా వేసి, పచ్చి కర్రను ద్రవంలోకి దూర్చేవాడు. కర్రలోని తేమ ఆవిరై ద్రవాన్ని కలియబెడితే దిమ్మ మళ్లీ తడిసేది. పచ్చి కర్ర వాడకం ఇప్పటికీ అక్కడక్కడ ఉంది.

ఇందులోని అసలు ప్రమాదం వాయువులో ఉందని ప్రయోగశాలలే బయటపెట్టాయి. వేలెడంత ఆనోడుతో కావాలనే ఆనోడు ఎఫెక్టు తెప్పించి, బయటకు వచ్చే వాయువును విడదీసి చూశారు. అల్యూమినా అందనప్పుడు కరెంటు క్రయొలైట్‌నే విరగ్గొడుతోంది. అందులోని ఫ్లోరిన్ బొగ్గుతో కలిసి కార్బన్ టెట్రాఫ్లోరైడ్ అనే వాయువు పుడుతోంది. అది గాలిలో కలిస్తే సుమారు 50 వేల సంవత్సరాలు ఉంటుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో దీని ఒక్క కిలో 7 వేల కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. పాట్‌లో పిడికెడు పొడి సమయానికి వేయనందుకు పడే శిక్ష ఇది. దాన్ని అనుభవించేది మాత్రం వానకోసం ఎదురుచూసే రైతు, వాళ్ల పిల్లలు, వాళ్ల మనవలు.

ఈ సంగతి తెలిశాక పాట్లకు కంప్యూటర్లు కాపలా పెట్టారు. ఒకేసారి గంపెడు పొడి కుమ్మరించే పాత పద్ధతి పోయి, కిలో, రెండు కిలోల చొప్పున నిమిషాల తేడాతో పొడి వేసే యంత్రాలు వచ్చాయి. చంటిబిడ్డకు పాలు పట్టినట్టు కొంచెం కొంచెంగా, వేళ తప్పకుండా అన్నమాట. దీనివల్ల ఆనోడు ఎఫెక్టులు బాగా తగ్గాయి.

లెక్క వేసి చూస్తే

ఇంత చిన్న విషయాలకు ఇంత శ్రమ ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. అంగుల్ కర్మాగారాన్నే ఉదాహరణగా తీసుకుందాం. దాని సామర్థ్యం ఏడాదికి 4 లక్షల 60 వేల టన్నుల లోహం. టన్నుకు 10 కిలోల బొగ్గు తగ్గినా ఏటా 4,600 టన్నులు మిగులుతుంది. 20 టన్నుల లారీలైతే 230 లారీల సరుకు.

కరెంటు లెక్క ఇంతకంటే పెద్దది. పాట్ వోల్టేజి వోల్టులో పదో వంతు తగ్గితే కిలోకు మూడో వంతు యూనిటుకు కొంచెం తక్కువగా ఆదా అవుతుంది. వినడానికి స్వల్పమే. మొత్తం లోహానికి లెక్క కడితే ఏటా 14 కోట్ల యూనిట్లు దాటుతుంది. నెలకు వంద యూనిట్లు వాడే ఇళ్లు లక్షకు పైగా ఏడాది పొడవునా ఆ కరెంటుతో వెలుగుతాయి. వేసవిలో మోటారు ఆగిపోయి, ఎండుతున్న మడి గట్టున కూర్చున్న రైతుకు యూనిటు విలువ ఎవరూ నేర్పనక్కరలేదు.

మన దేశంలో ఈ లోహం మీద పరిశోధనలకు 1989లో నాగపూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఒక కేంద్రం ఏర్పడింది. అల్యూమినియం కర్మాగారాలు కూడా తమ ప్రయోగశాలల్లో కోకును, తారుబంకను, కాల్చిన దిమ్మలను పరీక్షిస్తుంటాయి. అయితే ప్రయోగశాలలోని ముక్క బొటనవేలికి కాస్త పెద్దది. పాట్‌లోని దిమ్మ టన్ను బరువు. చిన్న ముక్క నిలిచినంత మాత్రాన పెద్ద దిమ్మ నిలవాలని లేదు. చల్లటి దిమ్మను ఒక్కసారిగా 960 డిగ్రీల ద్రవంలో ముంచితే పగుళ్లు వచ్చి ముక్కలు ఊడిపడవచ్చు. కాబట్టి ప్రయోగశాల చెప్పిన మాటను పాట్ దగ్గర నెలల తరబడి సరిచూసుకున్న తరువాతే అమలు చేస్తారు. నారుమడిలో బాగున్న విత్తనమంతా పొలంలో పండదు కదా!

అరగని దిమ్మ దొరుకుతుందా?

అసలు బొగ్గే లేకుండా, కాలని దిమ్మ దొరికితే ఈ బాధలన్నీ తీరతాయి కదా అని ప్రశ్నించవచ్చు. హాల్ కాలం నుంచీ శాస్త్రజ్ఞులను వెంటాడుతున్న కల అదే. అలాంటి ఆనోడు వస్తే పాట్ నుంచి బొగ్గుపులుసు వాయువుకు బదులు ప్రాణవాయువు వస్తుంది. నాలుగు వారాలకొకసారి దిమ్మలు మార్చే పనీ ఉండదు.

నికెలు, ఇనుము, రాగి కలిపిన లోహాలతో, మట్టిపాత్రల్లాగ కాల్చిన లోహభస్మాలతో దశాబ్దాలుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. చిక్కు రెండు చోట్ల ఉంది. కరిగిన క్రయొలైట్ దాదాపు దేన్నయినా కరిగిస్తుంది. కరిగిన ఆ కొంచెమూ అల్యూమినియంలో చేరి లోహాన్ని చెడగొడుతుంది. ఇక బొగ్గు కాలడం వల్ల కరెంటుకు అందే చేయూత, కాలని దిమ్మతో అందదు. సిద్ధాంతరీత్యా సుమారు ఒక వోల్టు ఎక్కువ పెట్టవలసి వస్తుంది. ఆ నష్టాన్ని మరెక్కడో పూడ్చుకోవాలి.

2018లో కెనడాలో అల్కోవా, రియో టింటో అనే రెండు పెద్ద అల్యూమినియం సంస్థలు కలిసి, అక్కడి ప్రభుత్వాల సాయంతో ఈ పనికోసమే ఎలిసిస్ అనే సంస్థను నెలకొల్పాయి. రష్యాలో కూడా ప్రయత్నాలు సాగుతున్నాయి. ఎవరెంత ముందుకు పోయినా, ఈనాటికీ ప్రపంచంలో తయారయ్యే అల్యూమినియం దాదాపు అంతా బొగ్గు దిమ్మ అరిగి ఇస్తున్నదే.

అటక మీది గిన్నె

చివరగా మనం చేయగలిగింది ఒకటుంది. ఒకసారి పుట్టిన అల్యూమినియాన్ని మళ్లీ కరిగించి పోత పోయడానికి పాట్ అక్కరలేదు, ఆనోడు అక్కరలేదు, క్రయొలైట్ ద్రవమూ అక్కరలేదు. మొదటిసారి పట్టిన కరెంటులో నూటికి సుమారు 5 వంతుల శక్తి చాలు. చిల్లుపడిన తపేలా, సొట్టబోయిన చెంబు, విరిగిన మూత, పాత కరెంటు తీగముక్క ఇవన్నీ మళ్లీ లోహమే.

కనుక ఇల్లు దులిపేటప్పుడు పాత సత్తు సామానును పెంటకుప్ప మీద పారేయకండి. వీధిలోకి వచ్చే పాతసామాన్లవాడికి తూకం వేసి ఇవ్వండి. అతను ఇచ్చే నాలుగు రూపాయలకంటే ఎక్కువ విలువ అందులో దాగి ఉంది. కిలో గిన్నె తిరిగి మూసలోకి పోతే, ఎక్కడో ఒక పాట్‌లో 400 గ్రాముల బొగ్గు కాలకుండా మిగులుతుంది. పదమూడు యూనిట్ల కరెంటు మరొకరి ఇంటికో, మరొకరి మోటారుకో అందుతుంది.